చీకటి వీధికి కాగితం నక్షత్రం

క్రిస్మస్ దీపాలు చూడ్డానికి రెండు రోజులు విశాఖ వెళ్దామని సువార్త అన్నీ సిద్ధం చేసింది. ఈ కాలంలో ఏ నగరంలోనూ ఎవరూ దీపాలు కట్టడం లేదు. వీధులన్నీ చీకటిగానే ఉంటాయి. లేని దీపాల్ని ఉన్నట్టు చూపించే పండగ కళ్ళద్దాలు పెట్టుకున్నవాళ్ళకి మాత్రం ఆకాశమంతా వెలుగే. అత్తగారు కరుణమ్మవి ఆపరేషనైన కళ్ళు, ఆ అద్దాలు పడవు.

"అమ్మకేం కనబడుద్ది? ఇంటి దగ్గరే ఉండనీ," అన్నాడు భర్త ఇమ్మానుయేలు.

"నాకు దీపాలెందుకురా? వాటిని చూసేప్పుడు మనవరాలి మొహం చూస్తే చాలు," అంది కరుణమ్మ.

సువార్తకి ఒకటి తట్టింది. అద్దాల్లోని వెలుగు కళ్ళకే గానీ మొహం మీద పడదు. ఆ చీకట్లో పిల్ల మొహం ఆవిడకి కనిపించేదెలా? సువార్త వసారాలోకెళ్ళి, అక్కడ వేలాడుతున్న కాగితం నక్షత్రాన్ని బ్యాటరీ బల్బుతో సహా విప్పింది.

"పండగ రాకుండానే నక్షత్రం దింపేస్తావా? తప్పు కాదూ!" అని కరుణమ్మ లబలబలాడింది.

"బాలయేసు దగ్గరికి దారి చూపిస్తూ జ్ఞానుల ముందు నడిచిన నక్షత్రమేగా అత్తయ్యా," అంటూ సువార్త దాన్ని నలగకుండా బ్యాగులో అన్నిటికన్నా పైన సర్దింది. "ఈసారి మన ముందు నడవనీండి."