కలవని మూల

"తీగ ఎక్కడ దాచావు యాకోబూ? నిజం చెప్పు!"

గంగాధరరావు కేకకి చిలకలపూడి వీధి సగం ఉలిక్కిపడింది. ఆయన రోల్డుగోల్డు కార్ఖానాలో బల్ల నిండా త్రికోణపు చెవికమ్మలు. ఒక్కదానికీ మూడో మూల కలవలేదు. సాయంత్రానికల్లా గుడివాడ షాపుకి ఐదువందల జతలు వెళ్లాలి.

"నేను తియ్యలేదండీ," అన్నాడు యాకోబు. ఇరవై ఏళ్లుగా అక్కడే తీగ కత్తిరిస్తున్న మనిషి. అంటూనే చొక్కా జేబు మీద చెయ్యి వేసుకున్నాడు.

పక్కనే తొమ్మిదో తరగతి లెక్కలు చేసుకుంటున్న గంగాధరరావు కూతురు హర్షిణి ఆ చెయ్యి చూసింది. తను మావయ్యా అని నోరారా పిలిచే మనిషే. అయినా ఆ జేబులో ఏముందో!

"ఉండు నాన్నా, నేను తేలుస్తాను," అంటూ లాప్‌టాప్ తెరిచింది. స్కూల్లో నేర్పుతున్న త్రిభుజాల సాఫ్ట్‌వేర్ అందులో ఉంది. తీగ ముక్కలు కొలిచింది. ముప్ఫై, పదిహేడు, పన్నెండు మిల్లీమీటర్లు. తెర మీద ముప్ఫై గీత గీసి, మిగతా రెండింటినీ చెరో కొస నుంచీ తిప్పింది. ఎంత వాల్చినా, చివరికి అడ్డంగా పడుకోబెట్టినా కొసలు కలిస్తేనా!

"రెండూ కలిపినా ఇరవై తొమ్మిదే. ఇంకెక్కడి త్రిభుజం?" అంటూ వాటిని కాస్త కాస్త పెంచుతూ పోయింది. ఇరవై, పదిహేను దగ్గర షాపువాళ్లు ఇచ్చిన శాంపిల్ కమ్మ కోణాలు అచ్చు గుద్దినట్టు వచ్చేశాయి. "చూశావా! ఒక్కో ముక్కలో మూడేసి మిల్లీమీటర్లు ఎవరో నొక్కేశారు."

"విన్నావా? రేపట్నుంచి పనిలోకి రాకు!" అన్నాడు గంగాధరరావు.

యాకోబు మొహం పాలిపోయింది. చెయ్యి మాత్రం జేబు మీదనుంచి తియ్యలేదు.

హర్షిణికి ఒళ్లు మండింది. "ఆ జేబులో ఏముంది మావయ్యా? చూపించు!"

"వద్దమ్మా, నువ్వు చూడకూడదు. తప్పు నాదే అనుకో. వెళ్లిపోతాను."

"పోనీలే హర్షిణీ, వదిలెయ్," అన్నాడు గంగాధరరావు. ఆయన గొంతు ఉన్నట్టుండి తగ్గిపోయింది.

ఆమె వినలేదు. చెయ్యి పక్కకి నెట్టి జేబులోది బయటికి లాగింది. తీగ కాదు, మడత పెట్టిన చీటీ. ఇరవై, పదిహేను అంకెల మీద అడ్డగీత. కింద నాన్న దస్తూరీ:

"పదిహేడు, పన్నెండు చాలు. మూడు మిల్లీమీటర్లు తగ్గితే ఎవడు చూడొచ్చాడు? చదివి చింపెయ్."