కాలు తగలని ఆట

"కాలు పెట్టవేట్రా? నిన్నే అడుగుతున్నాను! కాల్లో ముల్లేటైనా దిగిందా?"

సగం ఆట అయ్యేసరికి రాయగడ జట్టు ఒక గోలు వెనకబడింది. కోచ్ చంద్రశేఖరం గ్లూకోజు నీళ్ల సీసా నేలకేసి కొట్టి మరీ అరుస్తున్నాడు. డిఫెండర్ లక్ష్మణ తల వంచుకుని బూటు తాడు విప్పి మళ్లీ కట్టుకుంటున్నాడు.

అరవడూ మరి! మున్సిపాలిటీ పంపు ఆపరేటరు కొడుకు లక్ష్మణ అంటే టికిరి నుంచి మాచ్‌ఖండ్ దాకా ఫార్వర్డులందరికీ హడల్. మేకపోతుని బహుమతిగా పెట్టి ఆడించే టోర్నమెంట్లలో ఏ ఊరి జట్టయినా ముందు అతన్నే మాట్లాడుకునేది. అతను కాలు అడ్డం పెట్టాడంటే బంతి ఒక దిక్కు, మనిషి ఒక దిక్కు. 'గొడ్డలి' అని పేరు కూడా పెట్టేశారు. అంతటి గొడ్డలీ ఇవాళ కోరాపుట్ ఫార్వర్డు దేబాశిష్ ఎదురొస్తే చాలు, పక్కకి తప్పుకుని దారిస్తోంది.

"అదిగో, షామియానా కింద కూకున్నాయన కలకత్తా క్లబ్బాయన. డిఫెండర్ కావాలని నీ పేరడుక్కుంటూ ఇంత దూరం వచ్చేడు. నీకు ఇరవయ్యారు నిండిపోనాయి. మళ్లీ వస్తాడేటి?"

"తెలుసు మాస్టారూ."

"తెలిస్తే మరి ఆడి మీదకి ఎల్లవేం?"

"ఎల్లలేను. ఆడు నాకు మహాప్రసాద్."

చంద్రశేఖరం ఎత్తిన చెయ్యి దించేశాడు. ఆ ప్రాంతంలో పుట్టి పెరిగినవాడికి అంతకంటే చెప్పక్కర్లేదు. పూరీ జగన్నాథుడి ఎండు ప్రసాదం, అంటే గుడిలో వండి ఎండబెట్టిన అన్నం మెతుకులు, ఒకరి నోట్లో ఒకరు పెట్టుకున్నారంటే, ఇక ఆ ఇద్దరూ బతికున్నన్నాళ్లూ పేర్లు పెట్టి పిలుచుకోరు. 'మహాప్రసాద్' అన్నదే పిలుపు. తోడబుట్టినవాడితోనైనా దెబ్బలాడవచ్చు గానీ మహాప్రసాద్‌తో కూడదు. పొరపాటున కాలు తగిలినా జగన్నాథుణ్ణి తన్నినట్టే.

"ఎప్పుడు కట్టేవురా ఈ నేస్తం?"

"పోయిన ఆదివారం. ఆడూ ఆళ్లమ్మా కోరాపుట్ నుంచి బస్సులో పెసాదం అట్టుకుని మా ఇంటికొచ్చేరు. నీలాంటోడి నేస్తం కావాలన్నాడు మాస్టారూ. ఇన్నేళ్లలో ఒక్క ఫార్వర్డైనా నాతో నవ్వుతూ మాటాడ్డం సూసేరా మీరు?"

చంద్రశేఖరం తల గోక్కున్నాడు. "అయితే బయటికొచ్చీ. ఇంకొకడ్ని దింపుతాను."

"ఒక్క పది నిమిషాలు ఆగండి."

ఆగమన్నాడే గానీ ఏం చెయ్యాలో లక్ష్మణకే తెలీదు. మైదానంలోకి నడుస్తూ షామియానా వైపు చూశాడు. కలకత్తా ఆయన పక్కవాడితో కబుర్లలో పడి ఉన్నాడు. కాలు పెడితే పాపం. పెట్టకపోతే బతుకంతా మేకపోతుల ఆటే!

మరి కాలు పెట్టకుండా ఎలా ఆపడం?

ఇన్నాళ్లూ అతను ఫార్వర్డు పాదాల వైపే చూసేవాడు. కొట్టాల్సింది అక్కడే కాబట్టి. ఇప్పుడు ఆ అవసరం లేదు. దేబాశిష్ నడుం వైపు చూశాడు. పాదాలు అబద్ధమాడతాయి గానీ నడుం ఆడదని మొదటిసారి కనిపెట్టాడు. నడుం ఎటు తిరగబోతోందో కనిపెట్టి, దేబాశిష్ కంటే ఒక అడుగు ముందే అక్కడికి చేరుకున్నాడు. బంతి అతని దగ్గరికే వచ్చింది. మెల్లగా తీసుకుని తనవాళ్లకి అందించాడు.

తర్వాత ఇంకొకటి. ఇంకొకటి. దేబాశిష్ ఎటు తిరిగినా లక్ష్మణ అక్కడే ఉన్నాడు, చెయ్యి తగలదు, కాలు తగలదు, బంతి మాత్రం పోతోంది. గట్టు మీద జనం "గొడ్డలి మొద్దుబారిపోనాదిరో" అని వెక్కిరించడం మానేసి నోళ్లు వెళ్లబెట్టారు. కలకత్తా ఆయన కబుర్లు ఆపి కుర్చీ ముందుకి జరుపుకున్నాడు.

ఆట మాత్రం రాయగడ ఓడిపోయింది, ఆ ఒక్క గోలుతోనే. ఈల వెయ్యగానే కలకత్తా ఆయన తిన్నగా లక్ష్మణ దగ్గరికొచ్చి భుజం మీద చెయ్యి వేశాడు.

"కాళ్లు విరగ్గొట్టేవాళ్లు మాకు ఊరికి పదిమంది దొరుకుతారు," అన్నాడు హిందీలో. "రెండో సగమంతా నువ్వు మనిషిని ముట్టుకోలేదు. బంతిని వదిలిపెట్టలేదు. ఎవరు నేర్పారు నీకిది? సోమవారం నాతో రైలెక్కు. రెండేళ్ల కాంట్రాక్టు."

లక్ష్మణకి కళ్లు చెమ్మగిల్లాయి. ఆయనకి దండం పెట్టి, గోలుపోస్టు వెనక ఒంటరిగా కూర్చున్న దేబాశిష్ దగ్గరికి ఒక్క పరుగున వెళ్లి కావలించుకున్నాడు.

"మహాప్రసాద్! నాకు కలకత్తా దొరికేసింది! ఇదంతా నువ్వెట్టిన పెసాదం సలవేరా. అదే నా నోట్లో పడకపోతే ఇయ్యాల నీ కాలు ఇరిగేది, నా బతుకు ఇక్కడే తెల్లారిపోయేది!"

దేబాశిష్ మొహం పక్కకి తిప్పుకున్నాడు. కోరాపుట్‌లో తెలుగు వీధిలో పెరిగినవాడు, మాటలకి తడుముకోవలసిన పని లేదు. అయినా గడ్డి పరకలు పీకుతూ తడుముకుంటూనే అన్నాడు.

"నన్నలా పిలవకు లక్ష్మణా."

లక్ష్మణ అదిరిపడ్డాడు. "అదేటి, పేరెట్టి పిలిచేసేవు! పాపం కాదేటి?"

"పాపమేటీ లేదు," అన్నాడు దేబాశిష్ తలెత్తకుండా. "నీ కాలికి బయపడి, మా ఇంట్లో మిగిలిపోయిన అన్నమే మాయమ్మ సేటలో ఎండబెట్టి తెచ్చింది."