హానిగన్ వాగు చేపలు

ఆదివారం భోజనాల వేళకి చేపల షెడ్డులో పక్షవాతం వచ్చి కూలబడ్డ డెస్‌కి ప్రాణం నిలిచింది, మాట పోయింది. మూడు వారాలు గడిచాక ఆసుపత్రిలో అక్షరాల అట్ట ముందు పెడితే ఒక్క అక్షరం కూడా పోల్చుకోలేకపోయాడు. ఎడమచేతి రెండు వేళ్లు మాత్రం ఆడుతున్నాయి.

ఇంటి వెనక ఆ షెడ్డులో పదకొండు చేపల తొట్లున్నాయి. నలభై ఏళ్లుగా వాటిని డెస్ చూసుకున్నాడు, డెస్‌ని భార్య బెరిల్ చూసుకుంది. ఇప్పుడు రెండు పనులూ ఆమెవే.

మూడో తొట్టి హానిగన్ వాగు పిగ్మీ పెర్చ్ చేపలది. బొటనవేలంతేసి ఉంటాయి. ఆస్ట్రేలియాలో బెనాల్లా ఊరి పైన కొండల్లో కార్చిచ్చు రేగి, ఆ వెంటే వాన పడి, బూడిదంతా వాగులోకి దిగింది. వాగులో ఒక్క చేప మిగల్లేదు. ప్రపంచం మొత్తానికి ఆ వాగు సంతతి డెస్ ఇంట్లోనే ఉంది. నాలుగో తొట్టివీ చూడ్డానికి అచ్చం అవే. కానీ అవి సెవెన్ మైల్ వాగువి, వల వేస్తే బకెట్టెడు దొరుకుతాయి.

వాగు సంఘం నుంచి రొవీనా ఆసుపత్రికి వచ్చింది. నీళ్లు తేటపడ్డాయనీ, మూడో తొట్టి చేపల్ని మళ్లీ వాగులో వదులుతామనీ చెప్పింది.

డెస్ రెండు వేళ్లూ పైకెత్తి, ఒకదాని మీదుగా ఒకటి అటూ ఇటూ దాటించాడు.

"రెండు చేపలు తనకి ఉంచమంటున్నాడు," అంది బెరిల్. "నలభై ఏళ్ల కాపురం. నాకు తెలీదూ?"

రెండు ఉంచి డెబ్బై పట్టుకెళ్లారు.

బుధవారం బెరిల్ కస్టర్డ్ తినిపిస్తూ ఇంటి కబుర్లు చెప్పింది. ఇన్ని తొట్లు తన వల్ల కావట. నాలుగో తొట్టి చేపల్ని శనివారం పక్కింటి కెవ్‌కి ఇచ్చేస్తోందట, అతను పెంచే పెద్ద కాడ్ చేపకి మేతగా.

డెస్ ఆ రెండు వేళ్లతోనే చెంచా తోసేశాడు. వేళ్లు మళ్లీ అటూ ఇటూ.

"వాగులో ఊరికే దొరికేవాటికి కూడా ఇంత పీనాసితనమా? పోయేటప్పుడు కట్టుకుపోతావా?" అంది బెరిల్, దుప్పటి మీద పడ్డ కస్టర్డ్ తుడుస్తూ.

గురువారం నర్సుకి అవే వేళ్లు చూపించాడు. ఆమె రెండో దుప్పటి తెచ్చి కప్పింది. శుక్రవారం డాక్టరు ఆ వేళ్లని మెచ్చుకుని, కోలుకుంటున్నాడని రాసుకుని వెళ్లిపోయాడు.

శనివారం సాయంత్రం కెవ్ వచ్చాడు.

"థ్యాంక్స్ మేట్. మావాడికి పండగే అనుకో. ఒక్కటి మిగల్చలేదు."

డెస్ వేళ్లు ఆగిపోయాయి.

మర్నాడు ఆ డెబ్బై చేపల్నీ వాగులో వదిలారు. రొవీనా ఫోన్లో ఆ వీడియో తెచ్చి మంచం పక్కన పెట్టింది. ఒడ్డున నిలబెట్టిన పలక మీద డెస్ పేరు ఉంది. వార్డులో అందరూ చప్పట్లు కొట్టారు. డెస్ కళ్లమ్మట నీళ్లు ధారగా కారాయి.

"పెళ్లిలో కూడా ఇంత సంతోషపడలేదు," అంటూ బెరిల్ తన కళ్లూ తుడుచుకుంది.

కూలబడిన రోజు పొద్దున్న, నాలుగో తొట్టి కాస్త చల్లగా ఉంటుందని, డెస్ హానిగన్ చేపల్ని అందులోకీ అందులోవాటిని మూడో తొట్టిలోకీ మార్చి, భోజనాల దగ్గర బెరిల్‌కి చెబుదామనుకున్నాడు.