మూడు గిన్నెలు

ఒటావాలో వియత్నాం యుద్ధ మృతుల సంస్మరణ సభ జరిగింది. సభ జరిపింది దక్షిణ వియత్నాం నుంచి వచ్చినవాళ్ల సంఘం. యుద్ధం ముగిశాక పుట్టిన దాని అధ్యక్షుడు సైనిక దుస్తులు ఇస్త్రీ చేయించుకుని మరీ వచ్చాడు.

మా పక్కింటి వియత్నాం ఆవిడ లాన్ గారు తన ఇద్దరు అన్నల ఫోటోలు వేదికపై పెట్టారు. ఒకరు ఉత్తర వియత్నాం, ఒకరు దక్షిణ వియత్నాం సైన్యంలో చేరి చనిపోయారు. అధ్యక్షుడు ఒకటి వెనక్కిచ్చాడు.

"ఇతను కమ్యూనిస్టు, ఆంటీ. శత్రువు."

"ఎవరికి, నీకా?" అంటూ ఆమె రెండోదీ తీసేసుకున్నారు.

చచ్చినవాళ్లనూ వీసా అడుగుతున్నారు మహానుభావులు.

ఇంటికొచ్చాక లాన్ గారు ఆ ఫోటోలను తన పూజ అరలో ఎడంగా పెట్టి, "మధ్యలో మీ శకుంతల ఉండాలి. తను ఉంటే ఎవరూ పోట్లాడుకోరు" అన్నారు.

మా ఆవిడ పోయి ఏడాదైనా, దండ వేయడానికి చేతులు రాక బీరువాలోనే ఉంచిన ఫోటో తెచ్చిచ్చాను.

లాన్ గారు ఫోటోల ముందు మూడు గిన్నెల్లో అన్నం పెట్టారు.