మేకు

"ఆ మైకు పక్కన పెట్టు. నీ సొంత గొంతుతో అరిచి చూపించు" అన్నాడు ఛైర్మన్.

తెర వెనక కూర్చున్న ఎల్మార్ బకాని మైకుని ఇంకా దగ్గరికి లాక్కున్నాడు. సైనిక అకాడమీలో మొదటి ఏడాది కుర్రాడతను. ఇంతసేపూ గొంతు మార్చే మైకులోంచి సాక్ష్యం చెప్పాడు. తెరకి ఇవతల, మొదటి వరసలోనే, అకాడమీలో అతని పైవాడు లెఫ్టినెంట్ టగ్లె కాలు మీద కాలు వేసుకుని కూర్చున్నాడు. గొంతు వింటే ఇట్టే పట్టేస్తాడు. ఇక అకాడమీలో ఎల్మార్ బతికినట్టే!

"చెప్పాను కదా సర్. సీనియర్ 'పాకో' అని అరుస్తాడు. అంటే మేకు. మేం మేకులా బిగుసుకుపోవాలి. గడ్డం గొంతుకి ఆనించి ఊపిరి బిగబట్టాలి. 'హుగోట్', పీకెయ్ అనేదాకా గాలి పీల్చకూడదు. టగ్లె సర్ మా క్లాసు రెనాటోకి ఆ మాట చెప్పలేదు. వాడు కళ్లు తిరిగి గచ్చు మీద పడ్డాడు. తల పగిలి చచ్చిపోయాడు."

"భలే సినిమా కథ సర్!" టగ్లె నవ్వాడు.

బహిరంగ విచారణ వెయ్యాలా వద్దా అని తేల్చేది ఛైర్మన్, రిటైర్డ్ జనరల్ విల్యారుస్. "నేనూ ఆ అకాడమీలోనే చదివానబ్బాయ్. అక్కడ అలాంటి మాటే లేదు. నిజమైతే అరిచి చూపించు. లేదా ఫైలు మూసేస్తాను, విచారణా లేదు ఏమీ లేదు."

కుర్రాడు నోరు విప్పడని పెద్దమనిషి ధీమా. ఎంత దుర్మార్గం!

రెనాటో తల్లి ఆలింగ్ ఇసింగ్ ఒళ్లో కొడుకు ఫోటో పెట్టుకుని ఉంది. "వద్దు నాయనా! నా బిడ్డ ఎలాగూ పోయాడు. నువ్వు దొరక్కు" అని తెర వైపు చూసి ఏడ్చింది.

అరిస్తే టగ్లె చేతికి చిక్కుతాడు. అరవకపోతే రెనాటో ఉత్తినే చచ్చినట్టు. పారిపోదామంటే తలుపు దగ్గర ఇద్దరు సిపాయిలు. ఎల్మార్ మైకు పక్కకి నెట్టి, కళ్లు మూసుకున్నాడు.

"పాకో!"

హాలు దద్దరిల్లింది. టగ్లె కదల్లేదు. అది రోజూ తన నోట వచ్చే మాటే. "బకానీ! నువ్వట్రా? రా, నీ పని చెప్తా" అని పళ్లు కొరికాడు.

ఎవరూ అతని వైపు చూడలేదు. అందరి కళ్లూ వేదిక మీదే ఉన్నాయి. అక్కడ ఛైర్మన్ కుర్చీ వెనక్కి పడిపోయింది. డెబ్బై ఏళ్ల జనరల్ మడమలు కలిపి, గడ్డం గొంతుకి ఆనించి బిగుసుకుని నిలబడ్డాడు. మొహం కందిపోతోంది.

ఆలింగ్ ఇసింగ్ ఫోటో గుండెకి హత్తుకుని గబగబా లేచింది.

"అయ్యో, ఎవరైనా మేకు పీకండయ్యా! పెద్దాయన ఊపిరి తీసుకోవట్లేదు!"