బలరామా, సింహాద్రా?

గరికపాడులో కంకర దింపి రెండు ట్రాక్టర్లు నందిగామ దారి పట్టాయి. ముందు సైదా బలరాం కంపెనీ బండి. వెనక పుల్లయ్య సింహాద్రి కంపెనీ బండి.

పుల్లయ్య కూతురు నాగశ్రీ మాత్రం సైదా పక్కన మడ్‌గార్డు మీద కూర్చుంది. క్రషర్ వాళ్ళు ఆమెకూ కంకర తోలే పని ఇచ్చారు. ఇవాళ నందిగామలో సొంత ట్రాక్టర్ బుక్ చేస్తుంది. రోజంతా బరువు లాగినా మొరాయించని బండి కావాలి. ఏ కంపెనీదన్నదే తగువు.

పుల్లయ్యకు ఇది ప్రాణం మీదికొచ్చిన వ్యవహారం. సింహాద్రిని మించిన బండి లేదని ఇన్నేళ్ళుగా ఊరంతా చాటాడు. కన్నకూతురే ఇంకో కంపెనీ బండి కొంటే రేపు టీకొట్టు దగ్గర తలెత్తుకోగలడా?

"వాడి పక్కన కూచుని వాడి మాటలు వినమాక!" అని వెనక నుంచి అరిచాడు.

"నేనేం అన్లేదు బాబాయ్," అన్నాడు సైదా.

"అనడానికేముంది గనక? ఏడాదికో క్లచ్ ప్లేటు మింగుద్ది మీ బలరాం."

"పార్టులు ఎక్కడైనా దొరుకుతాయిగా."

"మాకు పార్టులతో పనే పడదురా!"

సైదా నవ్వు ఆపుకుని రోడ్డు చూసుకున్నాడు.

చిల్లకల్లు దాటాక రోడ్డు కాస్త ఎత్తెక్కింది. సైదా ఇంజన్ మూలిగింది. గొట్టం నల్లటి పొగ కక్కింది. పుల్లయ్యకు పండగే.

"చూశావా అమ్మా! ఖాళీ ట్రక్కుకే ఎట్టా ఆయాసపడతందో! మనది చూడు. పొగుందా? చప్పుడుందా?"

"లేవు నాన్నా," అంది నాగశ్రీ.

"ఇక డీజిలంటావా? గరికపాడు కాడి నుంచి ముల్లు కదిల్తే ఒట్టు!"

సైదాకు ఒళ్ళు మండింది. ఇంకాస్త తొక్కాడు. పుల్లయ్య మాత్రం వెనకబడలేదు. రెండు బండ్ల మధ్య బెత్తెడు ఎడం కూడా పెరగలేదు. ఒక చేత్తో స్టీరింగు, ఇంకో చేత్తో మీసం పట్టుకుని దర్జాగా వచ్చాడు.

నందిగామ వచ్చింది.

"ఆపుతున్నా. బ్రేకు చూసుకో బాబాయ్," అని సైదా చెయ్యెత్తాడు.

రెండు బండ్లూ ఆగాయి. రోడ్డుకు ఈ పక్క బలరాం షోరూమ్, ఆ పక్క సింహాద్రి షోరూమ్. నాగశ్రీ కిందికి దిగి తండ్రి దగ్గరికి వచ్చింది.

"ఇప్పుడు చెప్పు నాన్నా. ఏది కొనమంటావు?"

పుల్లయ్య సీటు మీంచి లేచి నిలబడ్డాడు.

"ఇంకా అడుగుతావేంటే? సింహాద్రే! ఎవడేమన్నా, ఏం జరిగినా, సింహాద్రే!"

రోడ్డు మీద పోయేవాళ్ళంతా తిరిగి చూశారు. నాగశ్రీ నేరుగా వెళ్ళి బలరాం షోరూమ్ మెట్లెక్కింది.

సైదా నిదానంగా వెనక్కొచ్చి, గరికపాడు నుంచి పుల్లయ్య బండిని లాక్కొచ్చిన ఇనప గొలుసు విప్పాడు.