ముందు ఎక్కేవాళ్లు

"కూర్చోమ్మా. అందరూ చూస్తున్నారు," అన్నాడు కొడుకు పళ్ల బిగువున.

"చూస్తారనే కదరా నా భయం," అంది తల్లి. ఎదురుగా చక్రాల కుర్చీ. దాన్ని తోసే మనిషి తనకేం పట్టనట్టు అద్దాల్లోంచి బయటికి చూస్తున్నాడు. "గుండ్రాయిలా ఉన్నాను. నాకెందుకురా ఈ కుర్చీ?"

"నీకు కాదు. నీ బ్యాగుకి."

ఆ మాట ఆమె బుర్రకెక్కలేదు. కొడుకు వంగి చెవిలో మళ్లీ మొదటినుంచీ చెప్పాడు. ఇది చవక టిక్కెట్ల విమానం. చేతి బ్యాగు గేటు దగ్గరున్న ఇనప చట్రంలో పట్టాలి. పట్టకపోతే టిక్కెట్టు కంటే ఎక్కువ గుంజుతారు. కానీ కుర్చీలో వచ్చినవాళ్లను అందరికంటే ముందు ఎక్కిస్తారు. వాళ్ల బ్యాగుల జోలికి ఎవరూ పోరు.

ఆమె బ్యాగు వైపు చూసుకుంది. జిప్పు పడక తాడుతో కట్టారు. నిండా పాత నూలు గుడ్డలతో కుట్టిన బొంతలు, చిట్టి చిట్టి చొక్కాలు. కూతురికి కడుపులో బిడ్డ అడ్డం తిరిగిందట. రేపు పొద్దున్నే ఆపరేషను. ఈ విమానం తప్పితే మళ్లీ రేపు సాయంత్రమే.

"పోనీ, రెండు బొంతలు తీసేద్దామా?"

"నిన్నటినుంచీ నేను మొత్తుకునేది అదే. అక్కడ కొందాం అంటే విన్నావా?"

"కొత్త గుడ్డ పసిగుడ్డు ఒంటికి గీసుకుపోతుందిరా," అంటూ కూర్చుంది.

కూర్చోగానే నడుం దానంతటదే వంగింది. మొహం ఎలా పెట్టాలో తెలియలేదు. మూలిగితే అతిగా ఉంటుందేమో. మూలక్కపోతే అనుమానం వస్తుందేమో. పట్టుకుని పోలీసులకి అప్పగిస్తే? అక్కడ కూతురు, ఇక్కడ తను!

"ఏ కాల్రా?" అంది గుసగుసగా.

"ఏదో ఒకటి."

"నువ్వొకటీ నేనొకటీ చెబితే?"

"నీకో దణ్ణం. కాసేపు మాట్లాడకు."

గేటు దగ్గర అప్పటికే నాలుగు కుర్చీలు వరసగా ఉన్నాయి. మొదటిదాంట్లో ఒక ముసలాయన మోకాళ్ల మీద దుప్పటి కప్పుకుని కునుకు తీస్తున్నాడు. తర్వాత ఒకాయన, పాదానికి ఇంత లావు కట్టు. ఆ పక్కన కళ్లు మూసుకుని మెడ వాల్చేసిన ఒకావిడ. చివర్లో బాగా ఒళ్లున్న ఒకావిడ మోకాలు రాసుకుంటోంది. పాపం, ఎవరికెన్ని బాధలో! వాళ్ల మధ్య ఇలా దొంగ వేషం వేసుకుని కూర్చున్నందుకు తల్లికి తల కొట్టేసినట్టయింది.

"మీకేమైందండీ?" అంది లావుపాటావిడ.

"కాలండీ."

"ఏ కాలు?"

తల్లి కొడుకు వైపు చూసింది. కొడుకు పైకప్పు వైపు చూశాడు.

"రెండూ," అంది తల్లి.

"నాకూ అంతే. ఏళ్లయింది అడుగు తీసి అడుగు వేసి."

ఇంతలో కౌంటరు అమ్మాయి వచ్చింది. వేలు చూపిస్తూ కుర్చీలు లెక్కపెట్టింది. "క్షమించాలి. ఈ విమానంలో చక్రాల కుర్చీలు రెండే. మిగతావాళ్లకి రేపు సాయంత్రం సీట్లిస్తాం. ఆ ఇద్దరూ ఎవరన్నది లోపల అడిగొచ్చి చెబుతాను," అని వెళ్లిపోయింది.

తల్లి కొడుకు చెయ్యి పట్టుకుంది. "ఏంట్రా ఆ పిల్ల అనేది? మనం ఉన్నామా, లేమా?"

"తెలీదమ్మా. ఆగు, మన పేరే రావచ్చు."

"రాకపోతే? దాన్నొక్కదాన్నే ఆపరేషను గదిలోకి తోసుకుపోతారురా. బయట మనిషన్నవాడు ఉండడు."

"ఇప్పుడు లేస్తే పరువు పోతుందే!"

"పోనీ."

ఆమె కళ్లు గట్టిగా మూసుకుని లేచి నిలబడింది. "నా కాళ్లు బాగానే ఉన్నాయండీ! కావాలంటే బ్యాగు ఇక్కడే పారేయండి. నన్ను మాత్రం ఎక్కనివ్వండి!" అంది, గేటంతా వినబడేట్టు.

భయం భయంగా కళ్లు తెరిచింది.

తనను చూసేవాడే లేడు. కట్టు ఆయన, ఊడిన కట్టు కొసను నేలమీద ఈడ్చుకుంటూ అంగలేస్తున్నాడు. మెడ వాల్చేసినావిడ బ్యాగు నెత్తిన పెట్టుకుని ఆయన్ను దాటేసింది. లావుపాటావిడ వాళ్లిద్దరికంటే ముందు చట్రం దగ్గరికి చేరి, "తోసుకోకండి, నేను ముందొచ్చాను!" అని కేకలేస్తోంది. కునుకు తీస్తున్న ముసలాయన కుర్చీ ఒక్కటే ఉన్నచోట ఉంది.

తల్లి పోయి వాళ్ల వెనకాల నిలబడింది. బ్యాగు చట్రంలో సగం కూడా దిగలేదు. కొడుకు మొహం మాడ్చుకుని కార్డు గీకాడు. అయితేనేం, చేతిలోకి విమానం చీటీ వచ్చింది. ఆమెకు ప్రాణం లేచొచ్చింది.

గేటు దగ్గర కౌంటరు అమ్మాయికి చీటీ ఇస్తూ ఉండబట్టలేక అడిగింది. "ఆ ముసలాయనకి చోటు దొరికిందా తల్లీ?"

"దొరికిందండీ. అందరికంటే ముందు ఆయన్నే ఎక్కించాం."

"నిజంగా నడవలేనివాళ్లు ఇంకో ముగ్గురు వచ్చుంటే, పాపం, ఏమైపోయేవాళ్లో!"

"పదిమంది వచ్చినా ఎక్కిస్తామండీ."

తల్లికి మళ్లీ అంతా అయోమయం. "మరి రెండే అన్నావు?"

కౌంటరు అమ్మాయి చీటీ చింపి చేతిలో పెట్టింది.

"అది ఎక్కించడానికి కాదు పిన్నిగారూ, లేపడానికి."